పాళేగాడి నీలిమీసం

పెట్టె వచ్చిన రోజున దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక సోఫా మీద కూర్చోబెట్టాం. నేనూ మా అమ్మాయి నీలా ఎదురుగా నిలబడి కాసేపు ఊరికే చూశాం. నల్లటి అట్టపెట్టె, దాని మీద బంగారు గీతలతో కర్ర పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ. వీడియో గేముల మీద తెలుగులో సమీక్షలు రాయడం నా పని. ఒక వెబ్ పత్రికవాళ్ళు ఆటలు పంపుతారు, నేను ఆడి మంచిచెడ్డలు రాసి పంపుతాను. తిరుపతిలో ఉండి, ఈ వయసులో, ఆడమనిషికి ఇదేం పనని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, నేను రాస్తూనే ఉంటాను. కానీ ఈసారి వచ్చింది ఏదో ఒక ఆట కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు పడగొట్టుకునే ఆ కొట్లాట ఆట నా చిన్నప్పుడు మా వీధిలోకి వచ్చింది. ఇన్నేళ్ళకు దాన్ని కొత్తగా తయారుచేసి, అభిమానుల కోసమని బోలెడన్ని కానుకలు చేర్చి, ఇట్లా పెద్ద పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. దాని అసలు పేరు రాయాలని లేదు. మా వీధిలో దాన్ని జాతరాట అనేవాళ్ళు, నాకు ఇప్పటికీ అదే పేరు.

పెట్టె విప్పడం ఒక పూట పని అయింది. పట్టులా మెరిసే ఒక గుడ్డ, దాని మీద ఆటలోని వీరులందరి బొమ్మలు. పళ్ళెమంత గ్రామఫోను రికార్డు, దాన్ని వేసి వినే యంత్రం మా ఇంట్లో లేదు. రేకు డబ్బా ఒకటి. బొమ్మల పుస్తకం ఎంత బరువంటే నీలా దాన్ని రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అన్నిటికంటే అడుగున, మెత్తటి స్పాంజి గుంటలో, పొత్రమంత బరువున్న విగ్రహం. మూల మూలలా వెతికి నీలా అడిగింది, "ఇంత పెట్టెలో ఆట యాడుండాదిమ్మా?" ఆట లేదు. చిన్న చీటీ మీద ఒక కోడ్ ఉంది, అది కొడితే ఆట ఇంటర్నెట్లోంచి దిగుతుంది. పెళ్ళి సామానంతా బండి దిగి పెళ్ళికొడుకు మాత్రం ఫోన్లో కనబడినట్టుంది వ్యవహారం. చీటీ వెనక ఇంకో మాట ఉంది, ఆ కోడ్‌తో పాటు వీరులకు తొడిగే కొత్త దుస్తులు కూడా వస్తాయని. "అదనంగా కాస్ట్యూములంట," అని చదివింది నీలా. "వేషాలు," అన్నాను నేను. నోటికి ఆ మాటే వచ్చింది.

అప్పుడు విగ్రహాన్ని వెలుతురులోకి తిప్పాను. ఆట చివర్లో ఎదురయ్యే వీరుడు అతను, మిగిలిన అందర్నీ గెలిస్తే తప్ప కనబడడు. కొప్పు, భుజాల మీద ఉత్తరీయం, చెంపల దాకా పాకిన మీసం. మీసం తెల్లగా ఉంది. నేను నేలమీద కూర్చుండిపోయాను. నాకు తెలిసినంతవరకు ఆ మీసం నలుపు, ఆ మనిషి పాళేగాడు, మా అవ్వ వాణ్ణి తిట్టిన తిట్లు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. పత్రిక నుంచి ఫోను వచ్చింది. "మేడమ్, పెట్టెలో ఏమేం ఉన్నాయో, కొనొచ్చా కూడదా, అంతే రాయండి, చాలు," అన్నారు. అంతే రాసి పంపాను. అంతటితో ఆగలేక ఇది రాస్తున్నాను.

మా ఇల్లు అప్పట్లో గంగమ్మ గుడికి రెండు వీధుల అవతల ఉండేది. నాయనది బెల్లం మండీ. చిత్తూరు వైపు పల్లెల నుంచి దిమ్మలు వచ్చేవి. ఆయన ఇంటికొస్తే ముందు బెల్లం వాసన గడప దాటేది, తరవాత ఆయన వచ్చేవాడు. అమ్మ నా పసితనంలోనే పోయింది. నన్ను పెంచిందీ, ఇల్లు నడిపిందీ, నాయన్ని అదుపులో పెట్టిందీ ఆయన్ని కన్న మా అవ్వే. తెల్లారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేసేది. ఆ చేత్తోనే పొయ్యి రాజేసి సంగటికి ఎసరు పెట్టేది. రోజంతా నోట్లో వక్క నలుగుతుండేది. అవ్వ తక్కువ మాట్లాడేది. ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనని మా ఇంట్లో లెక్క. ఆమె మాటల్లో నాకు ఎక్కువగా వినబడినవి "పోవద్దు", "నిలబడొద్దు", "నగొద్దు". ఆడపిల్ల వీధిలో నిలబడి నవ్వితే ఇంటి పునాది కదులుతుందని ఆమె నిజంగానే నమ్మేదని అనుకునేదాన్ని. మా ఇంట్లో నాకు పోలీసూ జడ్జీ రెండూ ఆమే.

ఆట మా వీధికి వచ్చిన ఏడు, ఎండలు ముదరకముందే సెల్వం మా వీధిలో చిన్న గది బాడుగకు తీసుకుని మెషీన్ దించాడు. సత్యవేడు వైపు మనిషి, మాటకు ముందు అరవం, వెనక తెలుగు. ఆ మెషీన్ మద్రాసులో ఎన్ని చేతులు మారి వచ్చిందో గాని, బీరువాలాగా నిలబడి ఉండేది, పైన తెర, కింద ఒక కడ్డీ, దాని పక్కన అరిగిపోయిన మీటలు. రూపాయి బిళ్ళ వేస్తే ఆట. తెర పాతబడి రంగులు పోయాయి. ఎరుపు అసలే రాదు, తెలుపు కూడా నీలంగా పడేది, మొత్తం ఆట వెన్నెల్లో జరుగుతున్నట్టుండేది. సరిగ్గా దానికి ఎదురుగా పిండి మిషను. అవ్వ నన్ను రాగులు పట్టించుకు రమ్మని పంపేది. మిషను దగ్గర వరస ఎంత పొడుగుంటే నాకంత పండగ. పిండి ముఖాన పడుతున్నా తుడుచుకోకుండా ఎదురుగా ఆ నీలి వెలుతురు వంక చూస్తూ నిలబడేదాన్ని. మనిషి చెయ్యి ఇక్కడ కదిలితే అద్దం వెనక ఇంకో మనిషి గాల్లోకి లేవడం నేనంతకు ముందు చూడలేదు. ఆ మొదటి రోజు నా ఒళ్ళు జలదరించింది. తరవాత ఎన్నో ఆటలు చూశాను, ఎంతో పెద్ద తెరల మీద చూశాను, ఆ జలదరింపు మళ్ళీ అంత గట్టిగా రాలేదు.

లోపలికి ఆడపిల్లలు పోయేవాళ్ళు కాదు. పోకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. మగపిల్లలు ఆడుతుంటే వాళ్ళ మాటలు వీధి దాటి నా దాకా వచ్చేవి. ఆటలో వీరుల పేర్లు ఇంగ్లీషులో పడేవి, అవి ఎవరికీ నోరు తిరగలేదు. బూడిద పూసుకున్నట్టుండే బక్కోడు బైరాగి అయ్యాడు. నల్లటి లావుపాటోడు, జాతరలో బొగ్గు పూసుకునే వేషం పేరు మీద, తోటి అయ్యాడు. కర్ర పట్టుకున్న ఆడమనిషి గంగమ్మ అయింది. చివర్లో వచ్చే మీసాలోడు పాళేగాడు కాక ఇంకెవడవుతాడు. ఆటకు ముందు ఎవరిని ఎంచుకుంటావని అడగడానికి "ఏ వేషం కడతావురా" అనేవాళ్ళు. తిరుపతి గంగజాతర తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. పూర్వం ఒక పాళేగాడు ఊళ్ళో ఆడపిల్లల్ని బతకనిచ్చేవాడు కాదట. వాడు గంగమ్మ మీద చెయ్యి వేయబోతే ఆమె తిరగబడింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకొక వేషం కట్టి, నోటికొచ్చినట్టు తిడుతూ, వీధి వీధీ వెతికింది. ఆఖరికి దొర వేషంలో వస్తే ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, ఆమె తల నరికింది. అందుకే జాతర వారంలో ఊరంతా వేషాలు కడుతుంది. ఆ వారం తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు. ఇక ఆ తెర మీద జరిగేది మా కథ కాదని ఎవరంటారు?

ఆటలో పెద్ద దెబ్బ కొట్టాలంటే కడ్డీని కింద నుంచి పక్కకు అరచక్రం తిప్పి మీట నొక్కాలి. పిల్లలు దాన్ని తిప్పుడు అనేవాళ్ళు. చాలామందికి అది పదిసార్లలో ఒకసారి పడేది. నాకు కడ్డీ ముట్టుకునే భాగ్యం లేదు, కానీ ఇంట్లో పెనం ఉంది. పిండి పోసి గరిటెతో దోసె తిప్పేటప్పుడు మణికట్టు తిరిగే తిరుగుడూ ఇదీ ఒకటేనని ఒకనాడు తట్టింది. ఇక రోజూ దోసెలు నేనే పోస్తానని పొయ్యి దగ్గర కూర్చునేదాన్ని. కుడికి అరచక్రం, ఎడమకు అరచక్రం, గరిటె కొసతో ఒక నొక్కుడు. "ఏందే ఇది, దోసె అడిగితే కొడవలి పోస్తా ఉండావు," అంది అవ్వ కంచం ముందు కూర్చుని. నాయన నవ్వాడు. నేను తల వంచుకుని ఇంకో కొడవలి పోశాను.

నాకంటూ వీధిలో తిరిగే దారి ఒక్కటే ఉండేది, అది నా మొక్కు. అంతకు మునుపు నాకు అమ్మవారు పోసి ఒళ్ళంతా పొక్కులై, కళ్ళు తెరవలేక పడుకున్నప్పుడు అవ్వ వేపాకు మీద నన్ను పడుకోబెట్టి గంగమ్మకు మొక్కుకుంది. బిడ్డ లేస్తే మూడేండ్లు జాతరకు వేషం కట్టిస్తానని, మూడో ఏడు జాతర నాడు ముడుపు హుండీలో వేస్తానని. అప్పుడే ఒక రూపాయి బిళ్ళకు పసుపు రాసి పసుపుగుడ్డలో ముడివేసింది. ఆ ముడుపు మామూలప్పుడు దేవుడి గూట్లో, జాతర వారంలో అవ్వ బొడ్లో ఉండేది. ఆ ఏడు మూడో ఏడు. జాతర చాటింపుకు ముందు అన్నం తింటూ నాయన తేల్చేశాడు. "ఈ ఏడుతో పాప మొక్కు తీరిపోతాదిమా. ఇంక వీధులంబడి తిరిగేది సాలు. వచ్చే ఏటికి పెద్దదైపోతాది. బడి, ఇల్లు, అంతే." అవ్వ వక్క నములుతూ ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే. పిండి మిషనుకు కూడా ఇక నన్ను పంపరు. నేను మెషీన్ ముందు నిలబడాలన్నా, మా వీధిలో ఎవరూ పడగొట్టలేని ఆ పాళేగాణ్ణి పడగొట్టాలన్నా, ఆ వారమే ఉంది. అది దాటితే జన్మలో లేదు. ఆ వయసులో నాకు జన్మంటే అదే.

వేషం కట్టినవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదని అవ్వ చెప్పేది, లోపలుండేది ఫలానా మనిషి కాదు, అమ్మ. కాదనకూడదు, కసురుకోకూడదు. అంగడి ముందుకొచ్చి చెయ్యి చాపితే బిళ్ళ వేసి దండం పెట్టాలి. ఈ మూడు కట్టుబాట్లే నాకు తాళంచెవులయ్యాయి. బైరాగి వేషం నాడు అవ్వ నామంకొమ్ము నూరి నా ఒళ్ళంతా తెల్లగా పూసింది, తలకు గుడ్డ చుట్టింది, వేపమండలు కట్టింది. గుడి చుట్టూ తిరిగి దండం పెట్టాక జనంలో అవ్వ చెయ్యి వదిలి, నాలుగంగళ్ళు అడుక్కుని, నేరుగా సెల్వం గదిలోకి నడిచాను. "సామి వచ్చినాడు, జరగండ్రా," అన్నాడు సెల్వం. మగపిల్లలు పక్కకు జరిగారు. నేను నోరు తెరవలేదు, తెరిస్తే గొంతు పట్టిస్తుంది. కడ్డీ పట్టుకున్నాను. అది చెమటతో జిగటగా, నేననుకున్నదాని కంటే బిర్రుగా ఉంది. గంగమ్మను ఎంచుకుని, దోసె తిప్పినట్టు తిప్పి మీట నొక్కాను. తెర మీద ఆమె కర్ర గాలిలో నీలి అరచక్రం గీసింది, అవతలివాడు ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. నా చెయ్యి చేసిందా ఆ పని అని నేను నా చేతి వంక చూసుకున్నాను.

తరవాతి రోజుల్లో కుంకుమ పూసుకుని పోయాను, బొగ్గు పూసుకుని పోయాను. రోజురోజుకూ ఇంకొంచెం దూరం పోయాను. బొగ్గు వేషం నాడు మొదటిసారి పాళేగాడు కనబడ్డాడు. కుర్చీలో కూర్చుని ఉంటాడు, తొందర లేకుండా లేస్తాడు, ఉత్తరీయం పక్కన పెడతాడు, అప్పుడు మీసం దువ్వుకుంటాడు. నీలి తెరలో ఆ మీసం ముదురు నీలంగా నిగనిగలాడేది, మేం దాన్ని నలుపనే అనుకున్నాం. నేను రెండడుగులు వేసేలోగా నన్ను మట్టి కరిపించాడు. చేతిలో ఉన్న బిళ్ళలన్నీ వాడికే సమర్పించుకుని ఇంటికొచ్చాను. స్నానం చేయిస్తూ అవ్వ నా బొటనవేలి మీద పొక్కు చూసింది. దానికి వెన్నపూస రాసింది.

దొర వేషం నాడు అవ్వ నాకు గంధం పూసి, తలపాగా చుట్టి, మెడలో నిమ్మకాయల దండ వేసి, కాటుకతో మీసం దిద్దింది. అవ్వే వెనక్కి జరిగి చూసి దండం పెట్టింది. గుళ్ళో తోపులాటలో నేను ఎప్పటిలాగా జారుకున్నాను. ఆ రోజు చెయ్యి మాట వింది. బైరాగి పోయాడు, తోటి పోయాడు, అందరూ పోయారు, పాళేగాడు లేచాడు. ఒక ఆట వాడు గెలిచాడు, ఒకటి నేను గెలిచాను. మూడోది మొదలవగానే తెర అద్దంలో నా వెనక వాకిట్లో నిలబడిన అవ్వ కనబడింది. నేను కడ్డీ వదిలేశాను. పాళేగాడు కొట్టాడు, గంగమ్మ పడిపోయింది. తెర మీద అంకెలు తొమ్మిది నుంచి మెల్లగా వెనక్కి లెక్క మొదలుపెట్టాయి. నా దగ్గర బిళ్ళ లేదు.

సెల్వం కంగారుగా లేచాడు. "కోవించుకోవద్దు అవ్వా. ఈ పిల్లోడు నల్లా ఆడతాడు." బాగా ఆడతాడని అతని అరవం.

"నల్లగా యాడుండాడురా, గంధం పూసుకోనుంటే," అంది అవ్వ. ఆమె చూపు నా మీద లేదు, తెర మీదుంది. ఆమె అంతవరకు మెషీన్ చూడలేదు. మెల్లగా లోపలికి వచ్చి, "ఎవుర్రా ఆ మీసాలోడు?" అని పక్కనున్న పిల్లల్ని అడిగింది.

"పాళేగాడు అవ్వా."

"కింద పడుండేది?"

"గంగమ్మ."

అవ్వ నమలడం ఆపింది. "ఆ అంకెలేంది, తగ్గతా ఉండాయి?"

"అవి అయిపోయే లోపల బిళ్ళ ఎయ్యల్ల అవ్వా. ఎయ్యకపోతే గంగమ్మ లెయ్యదు."

ఆ తరవాత జరిగింది నేను ఇన్నేళ్ళుగా తలుచుకుంటున్నాను, ఒక్కసారి కూడా తక్కువగా అనిపించలేదు. అవ్వ బొడ్లో చెయ్యి పెట్టింది. పసుపుగుడ్డ తీసింది. పళ్ళతో ముడి లాగింది. నేను చావుబతుకుల్లో ఉండగా కట్టిన ముడి అది. బిళ్ళ నా అరచేతిలో పెట్టి, నా కాటుక మీసాన్నీ తలపాగానూ చూస్తూ, "ఇందా. ఆడు దొరా," అంది. పేరు పెట్టి పిలవలేదు. తన కట్టుబాటు తను తప్పలేదు. పిల్లలకు నేనెవరో తెలియనే లేదు. బిళ్ళ లోపల ఖణేల్మంది, గంగమ్మ లేచి నిలబడింది, అవ్వ నా వెనక నిలబడి నోరు విప్పింది. ఇంట్లో గట్టిగా దగ్గడానికి కూడా వెనకాడే మా అవ్వ. "నీ మీసాన మన్ను బొయ్య. ముదనష్టపోడా, ఆడబిడ్డను కొట్టే సేతులు ఇరిగిపోను. లెయ్యి దొరా, ఎయ్యి వాని నడుముకు. నీ పాడె గట్ట, యాడికి పోతావురా, ఈ పొద్దు నీ తల నిలవదు." ఇంకా చాలా అంది, అచ్చులో పట్టనివి. సెల్వం చెవులు మూసుకున్నాడు గాని నవ్వుతున్నాడు. పిల్లలు గోడకు అతుక్కుపోయారు. నాకేం కనబడలేదు, వాడూ నా మణికట్టూ తప్ప. ఎడమకు అరచక్రం, కుడికి అరచక్రం, నొక్కు. పాళేగాడు తూలాడు. ఇంకోసారి. వాడు మోకాళ్ళ మీద కూలి, తల కిందికి వాల్చాడు.

తల తెగిందనుకున్నాం అందరం. అవ్వ రెండు చేతులూ ఎత్తి తెరకు దండం పెట్టింది, కళ్ళు తుడుచుకుంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు కింద నుంచి పైకి పాకుతూ పోయాయి. ఏం రాసుందని అవ్వ అడిగితే సెల్వం కొంచెంసేపు చూసి, "ముడింజి పోచ్చు అవ్వా, అయిపోయిందంట," అన్నాడు. ఇంటికి నడుస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకోలేదు. దొరకు చెయ్యి పట్టుకునేవాళ్ళు అక్కర్లేదనుకుంది కాబోలు. నాలో భయం కూడా లేదు. పక్కన నడుస్తున్న ఆ మనిషిని నేను అప్పటిదాకా చూడనే లేదనిపించి ఓరకంట చూస్తూ నడిచాను.

ఇప్పుడు నీలా ఒళ్ళోని ఆ బరువు పుస్తకంలో ఆ ఇంగ్లీషంతా ఉంది. మీసం ఎప్పుడూ తెల్లనిదే. అతను పాళేగాడు కాదు. కర్ర పట్టిన ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచి పెంచి విద్య నేర్పిన గురువు. లోకమంతా గెలిచి వచ్చాక ఆమె తనను కూడా గెలవాలని, గెలిచాకే ఆమెను పంపాలని కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఓడిపోయి మోకాళ్ళ మీద వాలి శిష్యురాలికి నమస్కరిస్తాడు. ఇక నా దగ్గర నీకు నేర్చుకునేది లేదు, పో, అంటాడు. చదివి నేను నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అంత మహానుభావుణ్ణి మా అవ్వ ఎన్ని మాటలంది. విగ్రహం ముందు నిలబడి, అయ్యా, మా తెర పాడైపోయింది, మా అవ్వ తరఫున మన్నించు, అని చెప్పుకున్నాను. నీలా నాకు మతి పోయిందనుకుంది.

కొత్త ఆట బాగుంది. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. వెంట్రుక వెంట్రుకా కదులుతుంది, ఉత్తరీయం నేలమీద పడితే దుమ్ము లేస్తుంది. ఓడితే అంకెలు తగ్గవు, ఎన్నిసార్లయినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు. వేషాలు కోడ్ కొడితే వచ్చేస్తాయి, నూరక్కర్లేదు, పూయక్కర్లేదు, మొక్కక్కర్లేదు. నీలా తన గదిలో కూర్చుని, ముఖం తెలియని ఎవరితోనో, తన పేరు మీదే ఆడుతుంది, తన గొంతుతోనే అరుస్తుంది. అది చూస్తే నాకు ఈర్ష్య లేదు, ఆశ్చర్యమే. ఇది ఆడపిల్ల ఆడే ఆటేనా అని దాన్ని ఒక్కరూ అడగలేదు. అయినా ఆ పెట్టెలో ఉన్నవన్నీ బయట పరిచి చూస్తే, ఆటతో పాటు అదనంగా నాకు దొరికింది వీటిలో ఏదీ కాదు. నాకు దొరికింది జాతర పొద్దున దొరికింది.

ఆ పొద్దున నాయన తలంటుకుని కొత్త పంచె కట్టి వాకిట్లోకి వచ్చాడు. "ముడుపు ఎత్తుకోమా, పోదాం. ఈ పొద్దుతో పాప మొక్కు తీరిపోతాది." అవ్వ బొడ్లోంచి పసుపుగుడ్డ తీసి చాప మీద పరిచింది. గుడ్డలో ఏమీ లేదు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"బిళ్ళ యాడమా?"

"అమ్మకే ఇచ్చినాను."

"ఇస్తే సరి. మొక్కు తీరినట్టే గదా."

"హుండీలో పళ్ళేదు. హుండీలో పడకుండా ఎట్ల తీరతాది నాయనా?"

నాయన జేబులో చెయ్యి పెట్టాడు. "ఇందా, ఇంకొకటి ఏస్తే పాయె."

"అది బిడ్డ పానం మీదుండగా కట్టింది. ఇది ఈ పొద్దు కట్టేది. దాని లెక్క వేరే, దీని లెక్క వేరే," అంది అవ్వ, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత నింపాదిగా. "మళ్ళా మొదుట్నించి కట్టల్ల. మూడేండ్లు."

మొక్కు విషయంలో అవ్వతో వాదించే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. నాయన గొంతు తగ్గించి, "అది కాదుమా. పెద్దదైపోతాది గదా పాప. పెద్దమనిసి అయినాక వీధిలో వేషమంటే ఎట్లమా?" అన్నాడు.

అవ్వ తలెత్తింది. "పాళేగాని తల నరికినప్పుడు గంగమ్మ సంటిబిడ్డా? పెద్దమనిసేరా."

అవ్వ ఆయన చేతిలోని రూపాయి తీసుకుని, పసుపు రాసి గుడ్డ మధ్యలో పెట్టి, కొసలు దగ్గరికి చేర్చి నా వైపు చాపింది. "చేతేళ్ళకు బలం సాలడం లేదు నాకు. నువ్వు ఎయ్యి మే, ముడి. గట్టిగా ఎయ్యి."